వదినె కుర్చీ

శేను ఫామ్‌హౌస్ కింద పోయింది. అన్న నడుము పడిపోయి మంచం పట్టిండు. ఇగ మా ఇల్లు నడిచేదంటే వదినె, నేను చేసే కంపెనీ పనితోనే. సిటీలది కాదు, మా పల్లె హిమాయత్‌నగర్ నుంచి మొయినాబాద్ దిక్కు షేర్ ఆటోల ఇరుక్కొని పోతుంటిమి. సిటీల ఎటు చూసినా కంప్యూటర్ ఆఫీసులు లేస్తుండె. కరెంటు పోతే వాటిని ఆదుకునే బ్యాటరీ డబ్బాలు మా షెడ్డుల తయారైతుండె. డబ్బా బెల్టు మీద వస్తది. నేను వైర్లు కలుపుత, నా పక్కన వదినె మూత పెట్టి స్క్రూలు బిగిస్తది. ఆమె చెయ్యి జర నిమ్మళం. అయినా ఆమెకాడ డబ్బా ఆగింది లేదు.

ఒకనాడు కొత్త సారొకాయన వచ్చిండు, కోస్తా దిక్కాయన. ఎవరి పనికి ఎంతసేపు పడుతదో గడియారం పట్టి చూసి, పని సమంగ పంచుతడట. మంచోడే. "మామూలుగా ఎలా చేస్తారో అలాగే చెయ్యండమ్మా" అని ఒకటికి రెండుసార్లు చెప్పిండు.

ఎట్ల చేస్తం? కలుపు తీసేకాడ ఆసామి గట్టు మీద నిలబడ్డడంటే నడుమెత్తకుండ ఉరికిచ్చుడే మాకు ఎర్క. ఆయన పోయినంక మళ్ల నిమ్మళం. చిన్నప్పటి సంది చేతులకు అదే అలవాటు. సారు ఎనక నిలబడంగనే లైనంత ఉరికింది. అందరికంటె జోరుగ ఉరికింది వదినె. తనను ఎక్కడ తీసేస్తరో అని ఆమె ఫికర్. సారు మెచ్చుకున్నడని ఆటోల ఇంటికొచ్చేదాంక నవ్వుకుంటనే ఉన్నది. మా తెలివిల మన్నువడ.

కొన్నాళ్లకు కొత్త లెక్క వచ్చింది. మూత పని గింత జల్దీ అయితున్నదంటే దానికో మనిషెందుకన్నరు. సగం నాకు, సగం అవతలామెకు పంచి, వదినె కుర్చీ ఎత్తేసిన్రు. సారును చూసి ఉరికినమే గని మేం రోజూ గట్ల చెయ్యమని సూపర్‌వైజర్ ముందట మొత్తుకున్న. ఇప్పుడు చెప్తె ఏం లాభమన్నడు.

వదినె శంకర్‌పల్లి దాంక తిరిగింది. ఎక్కడా పని దొరకలే. మేం చెయ్యలేక ఆగమైతం, అప్పుడు మళ్ల పిలుస్తరని ఆమె ఆశ. పిలుస్తరని, పనిల తొడుక్కునే కంపెనీ కోటు గూడ తిరిగియ్యలే. ఒకనాడు పొద్దుగాల నేను బయలెల్లుతుంటె గడపల అడ్డం నిలబడి అడిగింది.

"నా పని అందుతున్నదా నీకు?"

మెడలు గుంజుతుండె, వేళ్లు తిమ్మిరెక్కుతుండె. అయినా పని అందుతనే ఉండె.

"అందుతున్నదొదినె."

ఆమె లోపలికి పోయి, ఉతికి మడతపెట్టిన కోటు తెచ్చి నా చేతిల పెట్టింది. ఇచ్చెయ్యమన్నది.