మేస్త్రి గారు అనని మాట

మంగళవారం. మార్గశిరం వచ్చింది, మంచు దట్టంగా ఉంది. తొమ్మిదైనా ఎండ పొడ లేదు. వెనక మళ్ళలో సపోటా అంట్లకు నీళ్ళు పెట్టించి, ఒరిస్సా వెళ్ళే లోడుకు మొక్కల చీటీ రాస్తుండగా కబురు వచ్చింది. మా అంటు మేస్త్రి గారు పోయారు. తెల్లవారాక కాలవ గట్టు దాకా నడిచి వచ్చి, అరుగు మీద కూర్చుని, కాళ్ళు కడుక్కోవడానికి చెంబు అడిగారట. ఆయన భార్య చెంబుతో వచ్చేసరికి మనిషి లేరు.

ఏ రోజు జరిగింది ఆ రోజు పుస్తకంలో రాసుకోవడం నాకు అలవాటు. ఆ రోజు ఇంతవరకే రాయగలిగాను. మిగిలింది ఈ పత్రికలో రాస్తున్నాను. దీన్ని చదివే నర్సరీ రైతుల్లో చాలామంది ఆయన్ని ఎరుగుదురు. నేను బడికి వెళ్ళింది తక్కువ, రాయడం చీటీల మీద నేర్చుకున్నాను. తప్పులుంటే సర్దుకోండి.

కడియంలో నేను గుమాస్తాగా చేరేనాటికే ఆయన మా నర్సరీలో పెద్ద మేస్త్రి. మామిడి అంటు కట్టేటప్పుడు మాట్లాడేవారు కాదు. కత్తిని పంచె అంచుకి రెండుసార్లు తుడిచి, కొమ్మ కోసి, అతికించి, చుట్టు చుట్టి, ముడి వేశాకే ఊపిరి వదిలేవారు. పొగిడితే చిరాకు. "కట్టడం వరకే మన పనండీ. అతుక్కోవడం దాని ఇష్టం" అనేవారు.

కొనడానికి ఎవరొచ్చినా ఆయన మొదటి మాట ఒక్కటే.

"మట్టి తెచ్చారా అండీ?"

ఒకసారి కారులో వచ్చిన పెద్దమనిషి నవ్వాడు. "మొక్కల కోసం వచ్చామండీ బాబూ, మీకు మట్టి అమ్మడానికి కాదు."

"పిల్లనిచ్చేముందు ఇల్లు చూసుకోమా ఏంటండీ?" అన్నారు మేస్త్రి గారు. ఆ కారు వెనక్కి వెళ్ళి మర్నాడు గుప్పెడు మట్టి పొట్లం కట్టుకుని వచ్చింది. ఆయన అరచేతిలో పోసుకుని, నీళ్ళు చిలకరించి, నలిపి, వాసన చూశారు. "నిమ్మ వద్దండీ. జామ వేసుకోండి" అన్నారు. మా ఓనరు గారు పక్కనే ఉన్నారు. నిమ్మ మొక్కలు అమ్ముడుపోక మడిలో మూలుగుతున్న రోజులవి. అయినా ఒక్క మాట అనలేదు. అలాంటి ఓనరు కింద అలాంటి మేస్త్రి, అంతే.

ఆయన పెట్టిన పద్ధతి ఇంకొకటి ఉంది. ప్రతి లోడులోనూ మొదటి మొక్కకు మా చిరునామా రాసిన పోస్టుకార్డు ఒకటి పాలిథిన్ కవరులో పెట్టి కట్టేవాళ్ళం. నాటిన మూడు నెలలకు దాని మీద ఎన్ని మొక్కలు పోయాయో రాసి పోస్టులో వెయ్యాలి. ఎన్ని బతికాయో రాయనక్కర్లేదు. వచ్చిన కార్డులన్నీ ఆఫీసు గోడకు వేలాడే ఇనుప తీగకు గుచ్చేవాడిని. ఆ వైపు వెళ్ళే తర్వాతి లోడులో పోయినన్ని మొక్కలూ వెళ్ళేవి. కార్డులు చదివి వినిపించడం నా పని. వింటూ ఆయన నేల వంక చూసేవారు, తన చేతిలో పిల్లలు పోయినట్టు. "చావని మొక్క దేవుడి దగ్గర కూడా లేదు లెండి" అని లేచి వెళ్ళిపోయేవారు.

ఓనరు గారు మంచాన పడ్డాక వ్యాపారం వాళ్ళబ్బాయి చేతికి వచ్చింది. మేమంతా చినబాబు గారంటాం. చెడ్డవాడు కాదు. తొందర మనిషి. ఆయన రాజమండ్రి నుంచి ఒక పబ్లిసిటీ ఆయన్ని తీసుకొచ్చారు. మెడకు టై, ఒళ్ళో ల్యాప్‌టాపు. షెడ్డులో కుర్చీలు వేసి, చుట్టుపక్కల నర్సరీల వాళ్ళని పిలిచి, వచ్చే ఏడాది ప్రచారం ఎలా ఉండబోతోందో చెప్పించారు. ఆయన చెప్పింది చెప్పినట్టు నా పుస్తకంలో ఉంది.

ఇక పత్రికలో ప్రకటనలు ఎవరూ చూడరట. ప్రతి నర్సరీకీ వెబ్‌సైటు ఉండాలట. సెల్‌ఫోను నంబర్లన్నీ పోగేసి ఒక్క మీట నొక్కితే వేలమందికి మెసేజి వెళ్తుందట. జనం ఇంటర్నెట్‌లో గుంపులు కట్టి కబుర్లు చెప్పుకునే చోట్లు వస్తున్నాయట, అక్కడ మన గురించి మంచిగా మాట్లాడే మనుషులు ఉండాలట. లేకపోతే మనమే వేరే పేర్లతో మాట్లాడాలట. సరుకు కాదు, మొహం ముఖ్యమట. ప్రతి సంస్థకూ జనం నమ్మే మొహం ఒకటి కావాలట.

వెనక వరసలోంచి మేస్త్రి గారు లేచారు. "మనం రాసుకుని వాళ్ళు రాశారంటామా అండీ?"

"అలా అనకూడదండీ. దాన్ని ఇమేజ్ బిల్డింగ్ అంటారు."

"మేమూ అంటు కడతామండీ. కానీ కట్టిన చోటు దాచం. కొనేవాడికి వేలు పెట్టి చూపిస్తాం."

అందరూ నవ్వారు. పబ్లిసిటీ ఆయన కూడా నవ్వి, "సార్, మీ మొహమే మాకు కావాల్సింది" అని అక్కడికక్కడే ఫొటో తీశాడు. ఆయన చెప్పినవన్నీ ఆ తర్వాత ఒక్కొక్కటీ జరిగాయి. అది తలుచుకుంటేనే నాకు వెగటు. తప్పు చెప్పి ఉంటే బాగుండేది.

వెబ్‌సైటులో పెట్టడానికి మెచ్చుకుంటూ వచ్చిన ఉత్తరాలు కావాలన్నాడు. నేను తీగ తీసి ఇచ్చాను. చదివి తెల్లబోయాడు.

"అన్నీ పోయినవేనేంటండీ? ఇన్నేళ్ళలో ఒక్కడికీ బాగా రాలేదా?"

"బాగా వచ్చినవాళ్ళని రాయమనలేదండి."

ఆయన ఒక్క క్షణం ఆలోచించి ఒక కార్డు లాగాడు. నూటికి ఎనిమిది పోయాయని అందులో ఉంది. "తొంభై రెండు బతికాయి, అద్భుతం, అందరూ ఇక్కడే కొనండి అని కొట్టండి" అన్నాడు. కంప్యూటరు మీద తెలుగు కొట్టడం ఆఫీసులో నాకే వచ్చు, సొంతంగా నేర్చుకున్నాను. కొట్టాను. అలా పదహారు కార్డులు కొట్టాను. చివర మేస్త్రి గారి ఫొటో పెట్టి, దాని కింద ఈ వాక్యం కొట్టమన్నాడు: "నా చేతి మొక్క చావదు."

ఆయన ఎన్నడూ ఆ మాట అనలేదని నాకు తెలుసు. అయినా కొట్టాను. చినబాబు గారు పక్కనే నిలబడి ఉన్నారని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు.

ఆరేడు నెలలకు రాయలసీమ వైపు నుంచి ఒక రైతు వచ్చాడు. చేతిసంచిలో ఎండిపోయిన మామిడి అంటు, వేళ్ళకు మట్టితో సహా. రెండు వందలు పోయాయన్నాడు. కాలేజీలో చదివే తన తమ్ముడు ఇంటర్నెట్‌లో చూసి అక్కడే ఆర్డరు పెట్టాడట. వెబ్‌సైటులోని ఆర్డరు ఫారంలో మట్టి గురించి అడిగే గడి లేదు. పబ్లిసిటీ ఆయన పెట్టనివ్వలేదు, ప్రశ్నలు ఎక్కువైతే జనం పారిపోతారని.

మేస్త్రి గారు వేళ్ళకు అంటిన మట్టి నలిపి చూశారు. "చౌడు నేల కదండీ ఇది. ఇందులో మామిడి ఎవరు వెయ్యమన్నారు మిమ్మల్ని?"

"నువ్వేనయ్యా. నా చేతి మొక్క చావదన్యావంట గదా!" ఆ రైతు మడత విప్పి ఒక కాగితం ముందు పెట్టాడు. ఇంటర్నెట్ సెంటరులో తీయించింది. ఫొటో, కింద వాక్యం.

మేస్త్రి గారికి చదువు రాదు. కాగితం చేతిలోకి తీసుకుని తన ఫొటో వంక చాలాసేపు చూశారు. తర్వాత నా వంక తిరిగారు.

"గుమాస్తా గారూ, నేనన్నానా?"

నేను తల వంచుకున్నాను. ఆయన ఆ రాత్రి బస్సుకే రైతుతో వెళ్ళారు. పొలం చూసి నాలుగో రోజున వచ్చి, తనే ఎంచి నలభై ఉసిరి అంట్లు పంపించారు. మొదటి మొక్కకు కార్డు తన చేత్తోనే కట్టారు. అప్పుడు నాతో అన్నారు: "ఆ మాట తీయించండి. ఫొటో ఉంటే ఉండనీండి. నోరు నాది, మాట నాది కాదు."

తీయిస్తానని మాటిచ్చాను. చినబాబు గారికి చెప్పాను. "చూద్దాం లెండి" అన్నారు. జనం ఎక్కువగా చూసేది ఆ పేజీయేనని పబ్లిసిటీ ఆయన చెప్పాడట. మేస్త్రి గారు వారానికోసారి ఆఫీసు గుమ్మం దగ్గర ఆగి అడిగేవారు.

"తీసేశారా అండీ?"

"చెప్పానండి."

నాలుగు వారాలు అడిగారు. అయిదో వారం అడగలేదు. గుమ్మం ముందు నుంచి వెళ్ళేటప్పుడు తల అటు తిప్పుకుని వెళ్ళడం మొదలుపెట్టారు. ఆ తలతిప్పు నాకు తిట్టు కంటే ఎక్కువ.

ఇప్పుడు అసలు రోత చెప్పాలి. ఆయన పోయిన పదో రోజున రేవులో కర్మ జరుగుతోంది. ఆయన తమ్ముడి కొడుకు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. గట్టు మీద నర్సరీల వాళ్ళం ఇరవైమందిమి. పంతులుగారు మంత్రం చెబుతుండగా అందరి జేబుల్లోనూ ఫోన్లు ఒక్కసారి మోగాయి. నేనూ తీసి చూశాను. "మా మేస్త్రి గారు ఇక లేరు. నా చేతి మొక్క చావదు అన్నది ఆయన చివరి మాట. ఆయన జ్ఞాపకార్థం పది మొక్కలు కొంటే ఒకటి ఉచితం."

ఆయన చివరి మాట చెంబు. కాళ్ళు కడుక్కోవడానికి.

మెట్ల మీద కూర్చున్న ఆయన భార్య తలెత్తి, "ఏంటండీ అది, అందరికీ ఒకటేసారి?" అని అడిగింది. ఒకాయన ఫోను లోపల పెట్టేసుకున్నాడు. ఒకాయన దగ్గాడు. నేను "ఏం లేదమ్మా" అన్నాను. మేస్త్రి గారి ముందు ఊరుకున్నది ఒకసారి, ఆవిడ ముందు రెండోసారి. మూడోసారి ఊరుకుంటే నేను తినేది అన్నం కాదనిపించింది.

మర్నాడు పొద్దున్నే ఆఫీసు తెరిచాను. మొక్కల జాబితా మార్చడానికి వెబ్‌సైటు పాస్‌వర్డు నా దగ్గరే ఉంటుంది. ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉంది. ఆ సంగతి కూడా మీకు చెప్పాలి. వాక్యం తీసేశాను. నేను కొట్టిన పదహారు ఉత్తరాలూ తీసేశాను. చినబాబు గారు పదింటికి వచ్చి చూశారు.

"ఎవరండీ తీసింది?"

"నేనేనండి."

"ఎందుకూ?"

"ఆయన అనలేదండి."

"పబ్లిసిటీ ఆయనకి ఏం చెప్పమంటారు?" అన్నారు. మళ్ళీ పెడతారేమో తెలియదు. పెడితే మళ్ళీ తీస్తాను. లేదా వేరే చోట చీటీలు రాసుకుంటాను. ప్రస్తుతానికి ఫొటో కింద తెల్లగా ఉంది. మేస్త్రి గారు నోరు మూసుకుని, కొంచెం చిరాగ్గా, పక్కకి చూస్తున్నారు. అచ్చంగా ఆయనలాగే ఉన్నారు.

ఇది రాస్తుండగానే పోస్టు వచ్చింది. ఇవాళ్టి పుస్తకంలో రాసింది ఇక్కడ కూడా దించుతున్నాను.

శనివారం. మంచు. చేమంతి మళ్ళకు మందు కొట్టించాను. రాయలసీమ రైతు నుంచి కార్డు. నలభై ఉసిరిలో మూడు పోయాయట. మేస్త్రి గారిని ఒకసారి రమ్మనండి, మిగతావి చూపిస్తాను అని కింద రాశాడు. కార్డు తీగకు గుచ్చాను. వెనక మడిలోంచి మూడు ఉసిరి అంట్లు ఎంచి, కట్టిన చోటు వేలితో తడిమి చూసి, పక్కన పెట్టాను. మొదటిదానికి కార్డు కట్టి, వాటి వేళ్ళకు తడి గోనెపట్టా చుట్టాను.