చెరువులో నిలబడిన జీపు

దగ్గరికి జరిగి కూర్చోండి, పోయిన ఎండాకాలం మా చేనుకు వచ్చిన గండం చెబుతాను.

ఉక్కు ఫ్యాక్టరీకి స్థలం చూడాలని ఇద్దరు ఆఫీసర్లు జీపులో వచ్చారు. వాళ్ల చేతిలో కంప్యూటరు గీసిన మ్యాపు ఉంది. అందులో మా వేరుశనగ చేనుకు ఎర్రరంగు పూశారు. ఆ మ్యాపులో పక్కనే చెరువు నీలంగా నిండి ఉంది కాబట్టి ఫ్యాక్టరీకి నీళ్ల కొరత ఉండదట. ఆ చేను పోతే మాకు కూలిపనే గతి.

పెద్ద ఆఫీసరు జీపు దిగి, చుట్టూ మేస్తున్న గొర్రెలను చూసి, "చెరువు ఎక్కడుందమ్మా?" అని మా అత్తను అడిగాడు.

"మీరు నిలబడింది చెరువులోనే సారూ. కాళ్లు తడిసినాయేమో చూసుకోండి."

"మ్యాపులో నీళ్లున్నాయే," అన్నాడాయన, తప్పు చెరువుదే అన్నట్టు.

"అయితే ఆ మ్యాపులోంచే మాకు రెండు బిందెలు పట్టియ్యండి. క్యాను నీళ్లు కొనుక్కోని తాగుతాండాం."

డ్రైవరు నవ్వు దాచుకోవడానికి అటు తిరిగాడు. ఆఫీసరు మాత్రం తొణకలేదు. మ్యాపు మీద వేలు జరిపి, పక్క ఊరి చెరువు నీలం దగ్గర ఆపి, "పోనీ, ఇక్కడ చూద్దాం" అన్నాడు. మా చేను మిగిలింది.

జీపు కదిలాక అత్త నాతో, "ఆ చెరువులో పిల్లోళ్లు క్రికెట్ ఆడుకుంటాండారు. పోనీలే, ఆ ఊరోళ్లే చెప్పుకుంటారు," అంది.

మీ ఇంట పొయ్యి ఆరకూడదు, పిల్లాపాపలు చల్లగా ఉండాలి.