చివరి ఇంటి బొమ్మ

రెండు వీధులకు కేబుల్ ఇచ్చే మనిషి ఇంట్లోనే టీవీ సరిగ్గా కనిపించేది కాదు. పాట వస్తుంటే పాడేవాళ్ళ నోళ్ళు గళ్ళుగళ్ళుగా విడిపోయేవి. వార్తలు చదివే మనిషి చెవి ఒకచోట, చెంప ఒకచోట ఆగిపోయి మాట మాత్రం ముందుకు పోయేది. ఆ విరిగిన బొమ్మనే ఆ ఇంటావిడ ఇన్నేళ్ళ కాపురంలోనూ చూసింది.

ఆవిడ భర్తను అందరూ నిచ్చెనాయన అనేవారు. భుజాన నిచ్చెన లేకుండా ఆయన్ని చూసినవాళ్ళు తక్కువ. ఆయన పెళ్ళాం కాబట్టి ఆవిడ నిచ్చెనావిడ. అసలు పేరుతో పిలిచేవాడు ఆయనొక్కడే. ఆయన పోయాక ఆ పేరుకు పనిలేకుండా పోయింది.

ఇంటి వెనక గదిలో మెషిన్లుండేవి. పచ్చటి చిన్న దీపాలు, ఎప్పుడూ ఆగని ఫ్యాను రొద, ఎండాకాలం ఆ గది తలుపు తీస్తే పొయ్యి మీద మూత తీసినట్టు వేడి. అక్కడ బయల్దేరిన నల్లతీగ స్తంభం స్తంభం పట్టుకుని రెండు వీధులూ చుట్టి, ఇంటింటికీ కొమ్మ వేసి, తిరిగి తిరిగి మళ్ళీ వాళ్ళ గుమ్మం ముందే ఆగేది. మెషిన్లకూ ముందు గదిలోని టీవీకీ మధ్య ఉన్నది ఒక్క గోడ. రెండు బారల తీగ లాగితే అద్దంలాంటి బొమ్మ వచ్చేది. ఆయన లాగలేదు. ఊరందరికీ పంచిపెట్టి నీరసపడి వచ్చిన చివరి పాయనే తన ఇంటికి ఇచ్చుకున్నాడు.

కాపురానికి వచ్చిన కొత్తలో ఆవిడ ఒక్కసారి అడిగింది.

"అందరిళ్ళలో బొమ్మ కడిగిన ముత్యంలా ఉందట. మనకేంటండీ ఈ ఖర్మ?"

"కుండెడు అన్నం ఉడికిందో లేదో ఎలా చూస్తావు?" అన్నాడాయన, తీగ కొస చెక్కుతూనే.

"ఒక్క మెతుకు పట్టి చూస్తా."

"మనిల్లే ఆ మెతుకు. చిట్టచివర మనకి బొమ్మ నిలబడిందంటే ముందున్న వాళ్ళెవరికీ ఢోకా లేనట్టే. ఎవరైనా ఫోన్ చేశారనుకో, నువ్వు కూర్చున్నచోటు నుంచే జవాబు చెప్పొచ్చు."

అలాగే చెప్పేది. చదివింది నాలుగో తరగతే అయినా ఏ ఛానళ్ళు విరుగుతున్నాయో చూసి తీగ తెగిందా, స్తంభం మీది డబ్బాలో నీళ్ళు దిగాయా అని పోల్చుకునేది. సాయంత్రాలు ఆయన పక్కన కూర్చుని తీగ కొసలు ఒలిచి పిన్నులు బిగించేది. ఫోన్ మోగితే ముందు తన టీవీ వైపు చూసి, "మా ఇంట్లో బాగానే ఉందండీ. లోపం మీ ఇంట్లోనే ఉంది, వెనక పిన్ను ఊడిందేమో చూసుకోండి," అనేది. పదింట తొమ్మిదిసార్లు పిన్నే ఊడి ఉండేది.

ఒక గాలివానకు తీగ తెగింది. రెండో వీధి మేడమీదావిడ ఐదుసార్లు ఫోన్ చేసింది. ఆవిడకు మధ్యాహ్నం మూడింటి సీరియల్ తప్పితే ప్రాణం మీదికి వస్తుంది. "స్తంభం తడిసుందండీ, కాస్త ఆరనివ్వండి," అని నిచ్చెనావిడ చెప్పింది. "ఆరేసరికి కథ అయిపోతుందమ్మా!" అని అటునుంచి కసిరింపు. ఆయన వెళ్ళాడు. మూడు కొట్టేవేళకు స్తంభం మొదట్లో పడి ఉన్నాడు. నిచ్చెన మాత్రం స్తంభానికి ఆనించినది ఆనించినట్టే ఉంది.

పలకరింపుకు వచ్చినవాళ్ళలో మేడమీదావిడ అందరికన్నా గట్టిగా ఏడ్చింది. చేతులు పట్టుకుంది, ముక్కు చీదింది, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"ఇక లైను ఎవరు చూస్తారమ్మా? మా ఇంట్లో రెండు రోజుల్నించీ బొమ్మే లేదు."

లైను చూడ్డానికి మరిది వచ్చాడు. అతను కాగితాలు తెచ్చి వేలితో చూపినచోటల్లా ఆవిడ సంతకం చేసింది. లైను అతని పేరుకు మారింది. ఇల్లు ఎలాగూ అన్నదమ్ములిద్దరిదీ. కానీ అతనికి నిచ్చెనంటే గిట్టదు; తెగిన తీగను కూడా కూలి మనిషిచేతే అతికించాడు. "స్తంభాలెక్కి చావడానికి నేనేమన్నా మా అన్నయ్యనా?" అని వదిన వడ్డించిన అన్నం తింటూ వదిన ముందే అన్నాడు. నెల తిరక్కుండా ఒక డిష్ కంపెనీ ఏజెంటయ్యాడు. ఇంటి మీద గొడుగులాంటి డిష్ ఒకటి బిగించేస్తే సరి, స్తంభాల గొడవ లేదు, గాలివానకు పరుగులు లేవు.

తీరా చూస్తే ఎవరూ మారలేదు. ఉన్న బొమ్మ బాగానే ఉంటే కొత్తదెందుకన్నారు. లెక్కల మాస్టారయితే గుమ్మంలోనే నిలబెట్టి, "వానకు ఆగని గొడుగు నాకెందుకయ్యా?" అని పంపేశారు.

ఆ సాయంత్రం మరిది ముందు గదిలో కాళ్ళు చాపుకుని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఎదురుగా వదినగారి టీవీలో ఎవరిదో ముఖం నాలుగు ముక్కలై ఆగింది. అతను దాన్ని కాసేపు చూశాడు. తర్వాత నవ్వుకున్నాడు.

మర్నాటికి ఒకేలాంటి కొత్త టీవీలు రెండు వచ్చాయి. ముందు గదిలో బల్ల మీద పక్కపక్కనే పెట్టాడు. ఒకదానికి డిష్, రెండోదానికి గుమ్మం దగ్గరి చివరి పాయ. పైన రెండు అట్టముక్కలు: డిష్ హెచ్‌డీ, కేబుల్ హెచ్‌డీ. రెండింట్లోనూ ఒకటే మ్యాచ్. ఆదివారం జనాన్ని పిలిచాడు. వదినను టీ పెట్టమన్నాడు.

"రెండూ ఒకటే ఛానలా?" అన్నారు లెక్కల మాస్టారు, కళ్ళజోడు సవరించుకుని.

"ఒకటే మాస్టారూ. మీ కళ్ళతో మీరే చూడండి."

"ఇందులో బంతేదీ?"

"గళ్ళలో పడిపోయింది. వెతికిపెట్టమంటారా?"

గది గొల్లుమంది. ఎవరో, "మా ఇంట్లో ఇంత ఘోరంగా లేదే," అని నసిగారు.

"పక్కన రెండోది లేనంతవరకూ ఏదైనా బాగానే ఉంటుందండీ. అయినా నాకు తెలీకడుగుతాను, మెషిన్లున్న ఇంట్లోనే బొమ్మ ఇలా ఏడుస్తుంటే, అంత దూరాన ఉన్న మీ ఇంట్లో ఎలా ఉంటుంది?"

ఆ మాటకు అందరూ తలలూపారు. మేడమీదావిడ కప్పు కింద పెట్టింది. "పోయినవాణ్ణి అనకూడదుగానీ," అని మొదలుపెట్టి, ఒక్కటీ వదలకుండా అంది. ఇన్నాళ్ళూ నాసిరకం తీగ అంటగట్టాడంది. అమాయకుడిలా నిచ్చెన మోస్తూ కళ్ళకు గంతలు కట్టాడంది. నిచ్చెనావిడ చేతిలో పళ్ళెం పట్టుకుని అక్కడే ఉంది. ఎవరి కప్పు ఖాళీ అయితే వాళ్ళ ముందు పళ్ళెం పట్టింది.

జనం వెళ్ళాక వంటింట్లో మరిదిని ఆపింది.

"అది చివరి పాయ కదయ్యా. ఎందుకలా వస్తుందో నీకు తెలుసు కదా."

"తెలుసు వదినా," అన్నాడు అతను నీళ్ళు తాగి. "తెలిసే పెట్టాను. నీ నోట్లోకి నాలుగు మెతుకులు వెళ్ళేది కూడా ఇందులోంచే. కాస్త నోరు కట్టుకో."

ఆ వారమంతా ఆవిడకు తిండి సయించలేదు. ఆయన బంగారం పెట్టలేదు, మేడలు కట్టలేదు. ఎవరికీ తక్కువ చేయలేదన్న మాట ఒక్కటే మిగిల్చి పోయాడు. ఆ మాటను తన ముందు గదిలోనే, తను పెట్టిన టీ తాగుతూ పీకి పందిరేశారు. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఆయన మంచి పని చేశాడని ఈ వీధి నోటితో అనాలి. అంతకుమించి ఆవిడకేమీ అక్కర్లేదు.

రెండో ఆదివారం మరిది జనాన్ని పోగుచెయ్యడానికి వెళ్ళగానే వెనక గది తలుపు తీసింది. ఆయన పెట్టెలో చాకు, పిన్నులు అలాగే ఉన్నాయి. తీగ కోసింది, ఒలిచింది, బిగించింది. చేతులకు మరుపు లేదు. మెషిను పక్కన ఆయన పరీక్ష చూసుకోవడానికి వాడే రంధ్రానికి ఒక కొస తగిలించింది. రెండు గదుల మధ్య గోడలో, పైకప్పు కింద, గాలి కోసం వదిలిన కన్నం ఉంది. దాన్ని అందుకోవాలంటే ఎక్కాలి. ఎక్కడానికి ఇంట్లో ఉన్నది ఆయన నిచ్చెనే. దాని మీద ఆవిడ కాలు పెట్టడం అదే మొదలు. నాలుగు మెట్లు ఎక్కింది. తీగ అటు జారవిడిచి, దిగి, కేబుల్ అని రాసి ఉన్న టీవీ కింది సెట్‌టాప్ పెట్టెకు బిగించింది. ఊడదీసిన చివరి పాయను కర్టెను వెనక్కి తోసింది.

జనం వచ్చారు. పోయినవారం చూసినవాళ్ళు చుట్టాలను కూడా వెంటబెట్టుకొచ్చారు, తమాషా చూపించడానికి. మరిది రెండు టీవీలూ వేసి పక్కకు జరిగాడు.

"చెప్పండి మాస్టారూ, ఇందులో ఏది..."

అక్కడే ఆగిపోయాడు. రెండు బొమ్మలూ ఒకేలా ఉన్నాయి. బంతి కుట్లు కూడా కనిపిస్తున్నాయి. మాస్టారు కళ్ళజోడు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నారు.

"అట్టముక్కలు లేకపోతే ఏది ఏదో నేను చెప్పలేనయ్యా," అన్నారు.

మరిది రిమోట్ నొక్కాడు, అటు చూశాడు, ఇటు చూశాడు. అప్పుడు నిచ్చెనావిడ మాట్లాడింది. అంతమంది ముందు ఆవిడ గొంతు లేవడం ఎవరూ ఎరగరు.

"మీ ఇళ్ళకొచ్చే బొమ్మ ఇదేనండీ. పోయినవారం మీరు చూసింది చివరి పాయ. వీధంతా తిరిగొచ్చి మా గుమ్మంలో మిగిలింది. ఆయన కావాలనే దాన్ని మాకు పెట్టుకున్నారు. కుండకి మెతుకులాగా మనిల్లు, మనకి బొమ్మ నిలబడితే అందరికీ బాగున్నట్టే అన్నారు. ఆయన ఎవరికీ తక్కువ చెయ్యలేదు."

"నిజమే," అన్నారు మాస్టారు మెల్లగా. "మా ఇంట్లో ఎన్నడూ గళ్ళు పడలేదు. మంచి పనివాడు."

అనేశారు. ఆవిడ చెవులారా విన్నది. ఒక్క ఊపిరి పీల్చి వదిలేంతసేపు ఆ మాట గదిలో నిలిచింది.

మరిది తేరుకున్నాడు. కన్నంలోంచి దిగిన తీగను వేలితో పైనుంచి కిందికి రాసుకుంటూ వచ్చి నవ్వాడు.

"ఇంతేనా వదినా దూరం? రెండు బారలా? గోడకవతల ఇంత పెట్టుకుని, ఊరందరికీ పోసి, చిట్టచివరి చుక్క కట్టుకున్నదానికి పోశాడా మా అన్నయ్య? అదీ ఒకనాడా, రెండునాళ్ళా?"

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత అందరూ.

"అయ్యో పిచ్చిదానా," అంది మేడమీదావిడ కళ్ళు తుడుచుకుంటూ, ఈసారి నవ్వి నవ్వి వచ్చిన నీళ్ళు. "అందరూ తిన్నాక అడుగంటింది పెట్టి, దానికి మెతుకని పేరు పెడితే నమ్మేశావా? మా ఆయన అలా పెట్టి ఉంటే గరిటె తిరగేసేదాన్ని!"

ఆవిడకు కాపురం కొత్తలోని ఆ మాట గుర్తొచ్చింది. అడిగింది ఒక్కసారే, ఆయన చెప్పిందీ ఒక్కసారే. ఆ తర్వాత, నీకు ఇది సరేనా అని ఆయన ఏనాడూ అడగలేదు. అందరికీ న్యాయం చేశాడు. ఆ లెక్కలో ఆవిడను మనిషిగా వేసుకోలేదు. ఇన్నేళ్ళూ తట్టని మాట ఇంతమంది నవ్వుతుంటే తట్టింది. ఆయన పేరు నిలబెడదామని నిచ్చెనెక్కి తన చేతులతోనే దించుకుంది.

"ఇంతకీ ఏది తీసుకోమంటావయ్యా?" అన్నారు మాస్టారు, నవ్వు ఆపుకుని.

"డిష్ తప్ప ఇంకేముంది మాస్టారూ? నెలాఖరుకి తీగంతా పీకేస్తున్నాను."

"మరి ఈ పోలికలూ, ఈ తతంగమూ ఎందుకు?"

"మీరు ఇష్టపడి మారితే బాగుంటుందని!"

దానికీ నవ్వారు. నవ్వుతూనే పేర్లు రాయించుకున్నారు. నిచ్చెనావిడ టీ పళ్ళెం తీసింది.

నెలాఖరున తీగ చుట్టడం మొదలుపెట్టారు. తీగను ఎప్పుడైనా చివరినుంచే చుట్టుకుంటూ రావాలి, అంచేత మొట్టమొదట తెగింది ఆవిడ గుమ్మం ముందే. "వదినా, ఊరికే నిలబడకపోతే ఆ కొస పట్టుకోరాదూ," అన్నాడు మరిది. పట్టుకుంది. మోచేతికీ అరచేతికీ మధ్య, మెలి పడకుండా, ఆయన నేర్పినట్టే చుట్ట చుట్టింది. మెషిన్లు తూకానికి పోయాయి. కొత్త టీవీలు రెండూ మరిది దుకాణానికి వెళ్ళాయి. నిచ్చెన గొడుగులు బిగించేవాళ్ళు పట్టుకుపోయారు. ఆవిడ పాత టీవీ మీద గుడ్డ కప్పి ఉంచింది. దానికి గొడుగు పెట్టించే ఊసు మరిది ఎత్తలేదు, ఆవిడా అడగలేదు.

వానలు మొదలయ్యాయి. ఒక మధ్యాహ్నం ఆకాశానికి చిల్లు పడ్డట్టు కురిసింది. సరిగ్గా మూడు గంటలకు ఫోన్ మోగింది.

"అమ్మా, బొమ్మ మొత్తం పోయింది!" మేడమీదావిడ గొంతు. "సిగ్నల్ లేదని రాసుకొస్తోంది. మీ మరిది ఫోన్ ఎత్తడు. ఇవాళ కథలో అసలు ముడి విప్పుతారు. మీ ఇంట్లో వస్తుందా?"

అలవాటు కొద్దీ ఆవిడ తల టీవీ వైపు తిరిగింది. గుడ్డ కప్పి ఉంది. కిటికీ అవతల స్తంభం ఒక్క తీగ కూడా లేకుండా తడుస్తోంది.

"మా ఇంట్లో బాగానే ఉందండీ," అంది ఆవిడ. "లోపం మీ ఇంట్లోనే ఉంది. మేడెక్కి గొడుగు కాస్త అటూ ఇటూ తిప్పి చూసుకోండి."

"ఇంత వానలోనా? మెట్లన్నీ తడిసున్నాయమ్మా!"

"ఆరేసరికి కథ అయిపోతుందండీ," అని నిచ్చెనావిడ ఫోన్ పెట్టేసింది.