తల ఎన్నిసార్లు పడుతుంది

నేనెక్కిన మడకశిర బస్సు పెనుకొండ దాటాక పంక్చరై ఆగింది. ధర్మవరం పట్టుచీరల అంచులకు గళ్ల కాగితం మీద డిజైన్లు వేయడం నా పని. పాత చీరల్లోని బొమ్మలను గళ్లు లెక్కపెట్టి దించేవాణ్ణి. ఆ లెక్కలతోనే మొదటిసారి సొంతంగా ఒక చిలకను వేస్తే, మగ్గాల ఆసామి చూసి, "ఇది లెక్కప్పా, బొమ్మ కాదు" అన్నాడు. ఇక సొంత బొమ్మల జోలికి పోకూడదనుకున్నాను.

పక్క సీటు పెద్దాయన రిటైరైన డ్రాయింగు మాస్టరట. నా ఒళ్లో కాగితం చూసి సంగతంతా అడిగి తెలుసుకున్నాడు.

"లెక్కంటే సిగ్గేందప్పా? వెనకటికి లండన్‌లో బొమ్మలు గీసేది నేర్పే బడిలో ఏండ్ల తరబడి పాత శిల్పాలకు పోతపోసిన ప్లాస్టర్ బొమ్మల్ని కొలిచి గీసేవాళ్లు. చెయ్యి కుదిరినాకనే ప్రాణమున్న మనిషిని ముందర నిలబెట్టేది. మద్రాసులో మా అయ్యవారు నేర్చుకున్నదీ అట్లే. నువ్వు ఇంకా మొదటి తరగతిలోనే ఉండావు."

పెన్సిలున్న చెయ్యి కిటికీలోంచి చాచి, ఒక కన్ను మూసి, రోడ్డు పక్కన నిలబడిన గొర్రెల కాపరి తలను పెన్సిల్ మీద బొటనవేలితో గుర్తుపెట్టి, ఆ కొలతతో కిందిదాకా కొలిచాడు. తర్వాత పెన్సిల్ నాకిచ్చాడు.

"ఆయప్ప ఎత్తులో తల ఎన్నిసార్లు పడతాదో చూడు."

"ఏమన్నా, గురి చూస్తాండారే! కాలుస్తారా ఏంది?" అని కాపరి అరిచాడు. బస్సంతా నవ్వింది.

నేనూ అట్లే కొలిచి, "ఆరున్నర సార్" అన్నాను.

"ప్లాస్టర్ బొమ్మకైతే ఏడున్నర. ఏది వేస్తావు?"

"ఆరున్నరే. కనపడేది అదే కదా."

ఆయన తలూపి, నా చేతిలోని పెన్సిల్ తీసి నా జేబులోనే పెట్టాడు.

మర్నాడు మా మిద్దె మీద నిలబడి ఆ పెన్సిల్‌తోనే వేపచెట్టు మీది చిలకను కొలిచాను. పాత చీరల్లో తోక మూడు తలల పొడవు. చెట్టు మీది చిలకకు అయిదు. కొత్త కాగితం పరిచి, తోకకు ఇంకో రెండు తలల చోటు విడిచి, నా చిలకను మళ్లీ మొదలుపెట్టాను.