పరదేశి డాబా మీద ఎనిమిదడుగుల డిష్షు

చోడవరంలో ఎన్ని ఇళ్లకు కేబుల్ తీగ లాగావని అడిగితే పరదేశి చెప్పలేడు గానీ, ఏ ఇంటి గోడకు ఏ పక్కన కన్నం వేశాడో మాత్రం చెప్పగలడు. చదువు ఏడో తరగతిలో ఆగింది. పని మాత్రం, పాడైన కేబుల్ పెట్టెలు విప్పి మళ్లీ మూసి నేర్చుకున్నాడు. కిందటేడు వానల్లో స్తంభం మీంచి జారి కాలు విరిగింది. ఎముక అతుక్కుంది, కాకపోతే కాస్త వంకరగా అతుక్కుంది. అతను మంచం దిగేసరికి కేబుల్ ఆఫీసు మూతపడింది.

భార్య కనకదుర్గ అన్న పెదబాబుకి అనకాపల్లి రోడ్డులో సిమెంటు కొట్టుంది. అక్కడ కుర్చీలో కూర్చుని, వచ్చే బస్తాలనీ పోయే బస్తాలనీ చూస్తుంటే చాలు. దసరా నాడు కొబ్బరికాయ కొట్టి పరదేశిని ఆ కుర్చీలో కూర్చోబెట్టాలని అన్నాచెల్లెళ్లు ఖాయం చేసుకున్నారు. పరదేశిని అడగలేదు. కూర్చోవడానికి అడగడమెందుకని.

పరదేశి వాదించలేదు. వడ్డాది వెళ్లాడు. అక్కడ ఓ పాత కేబుల్ ఆఫీసు పెరట్లో ఆనపపాదు కింద పందిరిగా బతుకుతున్న ఎనిమిదడుగుల జాలీ డిష్షుని, పాదుకి దెబ్బ తగలకుండా విడదీసి, ట్రాలీ ఆటోలో వేసుకొచ్చాడు.

"ఏటిది?" అంది కనకదుర్గ.

"డిష్షు."

"డిష్షని నాకూ తెలస్తంది. ఎందుకని అడుగుతన్నాను."

"మాడుగుల అవతల కొండ ఊళ్లున్నాయి కదా. వాన గట్టిగా పడితే ఆళ్ల చిన్న డిష్షులకి బొమ్మ పోతాది. దీనికి పోదు. రీచార్జీ గొడవా లేదు. ఇలాటివి ఎక్కడపడితే అక్కడ తుప్పట్టి ఉన్నాయి. బాగుచేసి నిలబెట్టేవోడే లేడు."

"మళ్లీ స్తంభాలెక్కుతావా?"

"స్తంభాలెందుకు? డాబా మెట్లెక్కితే చాలు."

కనకదుర్గ అతని కాలు వైపు చూసింది. తర్వాత డిష్షు వైపు చూసింది. రెండింట్లో ఏది ఎక్కువ వంగిందో తేల్చుకుంటున్నట్టు మళ్లీ కాలు వైపు చూసింది.

"దసరాలోపు ఇందులో బొమ్మ సూపించు. వచ్చిందా, నీ పని నీది. రాలేదా, మా అన్నయ్య కుర్చీ."

"సరే," అన్నాడు పరదేశి. పెళ్లయ్యాక అతను ఇంత పెద్ద ఒప్పందం ఇంకొకటి చేసుకోలేదు.

డాబా మీద ఇనప గొట్టం నిలబెట్టి, నిటారుగా ఉందో లేదో మట్టగోలు పెట్టి నాలుగు పక్కలా చూశాడు. డిష్షు రెక్కలు కలిపి బిగించాక, అంచు నుంచి అంచుకి రెండు పురికొసలు అడ్డంగా, నిలువుగా లాగి కట్టాడు. డిష్షు ఆకారం సరిగ్గా ఉంటే ఆ రెండూ మధ్యలో ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉండాలి. ఇక్కడ వేలు దూరేంత సందుంది. ఆనపకాయలు వేలాడిన రెక్క వంగింది. దాన్ని చెక్క సుత్తితో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా తట్టాడు. పురికొసలు తాకాయి.

డిష్షు సరిగ్గా ఉంది. బొమ్మ మాత్రం లేదు.

పాత టీవీనీ, సెట్‌టాప్ పెట్టెనీ డాబా మీదికే తెచ్చి, ఎండ పడకుండా గొడుగు కట్టాడు. తూర్పుకి జరిపాడు, పడమరకి జరిపాడు. తీగ మార్చాడు. పెట్టెలో సిగ్నల్ అంకె సున్నా దగ్గర కూర్చుంది. సిమెంటు కొట్టులో ఉద్యోగం దానికే ఇవ్వచ్చు.

పెదబాబు ఒకసారి వచ్చి డిష్షు చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు.

"పరదేశీ, కోళ్లకి గూడు బాగా కుదురుతాది."

"కోళ్లు లేవు బావా."

"కొందాం. నువ్వు బెంగెట్టుకోకు. కుర్చీకి దూది దిండు కూడా కుట్టించేను."

ఆ దిండు మాట విన్నాక పరదేశికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

దసరా రేపనగా, ఎండ నెత్తి మీదికి వస్తున్న వేళ, పక్క డాబా మీంచి నరసమ్మ కేకేసింది. ఆవిడకి గోడ మీద చిన్న ఫ్రీ డిష్షుంది. పరదేశి బిగించినదే. పెద్దదీ ఆకాశంలో అదే చోటుని చూడాలి గనక, దాని వాటం చూసే అతను పెద్దదాన్ని వంచాడు.

"ఒరే పరదేశీ! నా టీవీ పోయింది. నిన్న కూడా ఇదే టయానికి పోయింది. నీ గంగాళం నా బొమ్మంతా లాగేస్తంది!"

"ఇది లాగితే ఇక్కడైనా రావాలి కదా పిన్నీ."

"అదంతా నాకు తెల్దు. సీరియల్లో కోడలు తలుపు తీస్తంటే పోయింది. తలుపవతల ఎవులున్నారో నువ్వు సెప్తావా?"

పరదేశి ఆకాశం చూశాడు. కేబుల్ ఆఫీసులో ఇవే తిట్లు ఏటా రెండు విడతలు తిన్నాడు. మాఘం వెళ్లాక కొన్నాళ్లు, దసరా ముందర కొన్నాళ్లు, పట్టపగలు కాసేపు బొమ్మ పోయేది. తీగలన్నీ వెతికేవాడు. తప్పు తీగది కాదు, సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనక్కొచ్చి నిలబడతాడని తర్వాత తెలిసింది. అంటే ఇప్పుడు సూర్యుడున్న చోటే అతనికి కావలసిన చోటు. సూర్యుడేమో ఇంచుమించు నెత్తి మీదున్నాడు. అతని డిష్షు కొబ్బరిచెట్ల తలలు చూస్తోంది.

నరసమ్మ డిష్షు చూశాడు. దాని ముక్కు, అంటే సిగ్నల్ పట్టుకునే డబ్బీ, కింద నుంచి చాపుకుని ఉంటుంది. మొహం కొబ్బరిచెట్లకేసి ఉన్నా, చూపు పైకి పోతుంది. పెద్దదాని ముక్కు నట్టనడుమ ఉంది. మొహం ఎటో చూపూ అటే. ఊరంతా చిన్నవి బిగించిన చెయ్యి, పెద్దదాన్నీ అలవాటుగా చిన్నదానిలాగే వంచేసింది.

"దుర్గా! తుండుగుడ్డ తే!"

"ఏటయ్యా, మళ్లీ పడ్డావా?"

"పళ్లేదు. బేగి రా."

కనకదుర్గ వచ్చింది. పరదేశి తుండుని డిష్షు నడిబొడ్డున పరిచి, వెనకాల నట్లు వదులు చేశాడు.

"అంచు పట్టుకో. ముక్కు నీడ ఎక్కడ పడిందో సూడు. అది గుడ్డ నడుమ పడితే డిష్షు సూర్యుణ్ణి సూస్తన్నట్టే."

"గుడ్డకి బైటుంది."

అతను పైకెత్తాడు. డిష్షు అన్నం పళ్లెంలా ఆకాశానికి మొహం పెట్టింది.

"ఇప్పుడో?"

"వస్తంది... వస్తంది... ఆగు, దాటిపోయింది. ఎనక్కి. ఎనక్కన్నాను కదా! ఆఁ. నడుమకొచ్చింది."

"కదపకు."

"నేను కదుపుతన్నానా, నువ్వు కదుపుతన్నావా?"

డిష్షు జారకుండా నట్లు కాస్త బిగించాడు. అంకె ఇంకా సున్నాయే.

"రాలేదు," అంది కనకదుర్గ. ఆ గొంతులో గెలిచిన సంతోషం లేకపోవడం ఆమెకే వింతగా ఉంది.

"సూర్యుడు పక్కకి జరగాల. అంతవరకు ఆయన గోలలో డిష్షుకి ఏటీ వినపడదు."

ఇద్దరూ గొడుగు కింద కూర్చున్నారు. పక్క డాబా మీంచి నరసమ్మ, "వచ్చింది! తలుపవతల పోస్టుమేనుట!" అని అరిచింది. పరదేశి పెట్టె వైపే చూస్తున్నాడు. అంకె కదిలింది. ఆగింది. మళ్లీ పెరిగింది. టీవీలో బొమ్మ తెరుచుకుంది.

ఎవరో పెద్దాయన, తెలియని భాషలో, పందుల పెంపకం గురించి చెబుతున్నాడు.

కనకదుర్గ చాలాసేపు చూసింది.

"పంది బలంగా ఉంది," అంది చివరికి.

పరదేశి మీట నొక్కాడు. ఇంకో చానల్, ఇంకో చానల్, తర్వాత తెలుగులో వరిచేలకు మందు కొట్టడం. కనకదుర్గ కొంగుతో చెమట తుడుచుకుని, కిందికి దిగి, అన్నకి ఫోన్ చేసింది.

"అన్నయ్యా, ఆ కుర్చీలో ఇంకెవుల్నైనా సూసుకో."

"అదేటే! రేపు కొబ్బరికాయ కొట్టాల కదా?"

"కొట్టు. సిమెంటుకి కొట్టు."

"నిజంగా బొమ్మొచ్చిందా? ఏదీ, పరదేశికియ్యి."

"ఆయన ఇప్పుడు మాటాడడు," అని కనకదుర్గ డాబా వైపు చూసింది. నట్లు ఒక్క పక్కే పూర్తిగా బిగిస్తే డిష్షు అటు లాగేస్తుంది. అందుకని పరదేశి ఈ పక్క అర చుట్టు, ఆ పక్క అర చుట్టు తిప్పుతూ, మధ్యమధ్య వంగి అంకె చూసుకుంటున్నాడు.