పదకొండో సిపాయి

మనిషికి కొలత తెలిసుండాలన్నది విశ్వేశ్వర్ సిద్ధాంతం. ఆ కొలత తెలిసినవాడు పాతబస్తీ మొత్తానికి తానొక్కడే అన్నది ఆ సిద్ధాంతంలోనే రెండో సగం.

ముప్పై ఏళ్లు సిటీ బస్సులో కండక్టరుగా చేసి రిటైరయ్యాడు. యాభై మంది పట్టే బస్సులో తొంభై మందిని కుక్కిన చెయ్యి అది. "జర జరుగుండ్రి, ఇంకొకలు పడ్తరు" అని అరిచి అరిచి గొంతు బొంగురుపోయింది గానీ, ఆ మాట ఒక్కనాడూ తప్పు పోలేదు. ఎప్పుడూ ఇంకొకరు పట్టారు.

ఒక ఆదివారం చార్మినార్ దగ్గర ప్రేమ్‌రాజ్ గాజుల దుకాణంలో భార్య లలితమ్మ గాజులు ఏరుతూ గంటన్నర కూర్చుంది. విసుగెత్తి ఈయన మేడ మెట్లెక్కాడు. పైన పెద్ద బల్ల మీద థర్మకోల్ గుట్టలు, అట్టముక్కల ఇళ్లు, బొటనవేలంత బొమ్మ సిపాయిలు. నెత్తి నెరిసిన మగవాళ్లు టేపులతో కొలుస్తూ, పాచికలు వేస్తూ యుద్ధాలు చేసుకుంటున్నారు. "గింత పెద్దోళ్లయి గిదేం పాడు పని?" అని ఛీ కొట్టి దిగిపోయాడు. పై వారం మళ్లీ వెళ్లాడు. రెండేళ్లు తిరిగేసరికి సొంత సైన్యం, సొంత రంగుల డబ్బా, అందరి మీదా సొంత అభిప్రాయం తయారయ్యాయి.

ఆట కష్టమైనదేం కాదు. అందరికీ ఒకటే పాయింట్లు. వాటితో సిపాయిల్ని తీసుకొని దళాలుగా విడగొట్టుకోవాలి. దళానికి అయిదుగురికి తక్కువ ఉండకూడదు, పన్నెండుగురికి మించకూడదు. దళమంతా కలిసే కదలాలి; త్వరగా పోవాలంటే బొమ్మ లారీ ఎక్కించొచ్చు. పెద్ద దళం దెబ్బలకు తట్టుకుంటుంది గానీ ఒకే చోట పనికొస్తుంది. చిన్నవైతే నాలుగు చోట్లకు పంపొచ్చు, కానీ ఇద్దరు పడగానే మిగతావాళ్లు తోక ముడుస్తారు. ఎవరెవరిని ఎంతెంత మందిగా కట్టాలన్న దగ్గరే మనిషి తెలివి బయటపడుతుంది. విశ్వేశ్వర్ లెక్కన అక్కడ ఎవరికీ అది లేదు.

రైల్వేలో ఫిట్టరైన డానియేలు అన్నీ పన్నెండేసి కడతాడు. "గది దళమా, బరాతా? ముందటోడు పోయి కొట్లాడుతుంటే ఎనకటోడు ఇంకా ఇంటికాడ చెప్పులేసుకుంటుండు" అంటాడీయన. ప్రేమ్‌రాజ్ అన్నీ అయిదేసి. "పాన్‌డబ్బా కాడ గంతకంటే ఎక్కువ మంది నిలబడ్తరు." అందరికంటే లోకువ మైథిలి. ఆడిట్ ఆఫీసులో పనిచేసే ఆంధ్రావిడ, వచ్చి ఆరు నెలలైనా కాలేదు. పది, పది, అయిదు, అయిదు అని ఫైళ్లు సర్దినట్టు సర్దుకుంటుంది. పైగా చివర్లో ఇరవై పాయింట్లు వాడకుండా వదిలేస్తుంది.

"పాయింట్లు ఇడిసిపెడ్తవా? ఖాళీ సీటుతోని బండి తోలినట్టేనమ్మా" అన్నాడు ఈయన.

"వాడుకోవాలని రూలేం లేదు కదండీ" అందావిడ.

ఆ వేసవిలో బెంగళూరులో పెద్ద పోటీ ఉందని, ఇక్కడ గెలిచిన ఒక్కరిని రైల్లో పంపుదామని అందరూ తీర్మానించుకున్నారు. విశ్వేశ్వర్‌ ముప్పై ఏళ్లు ఊరంతా నిలబడి తిరిగినవాడు. తన పేరున రిజర్వయిన కిటికీ సీట్లో కూర్చొని దూరం పోవాలన్న కోరిక లలితమ్మకు తప్ప ఎవరికీ చెప్పుకోలేదు. డానియేలును, ప్రేమ్‌రాజ్‌ను చిత్తుచేశాడు. చివరికి మిగిలింది మైథిలి.

సైన్యం కట్టాక ఇరవై పాయింట్లు మిగిలాయి. సరిగ్గా ఒక సిపాయి వస్తాడు. లారీ ఎక్కాల్సిన పదిమంది దళంలో పదకొండోవాణ్ణి కలిపి మురిసిపోయాడు.

ఆట మొదలయ్యే ముందు ఒకరి జాబితా ఒకరు చూసుకోవాలి. మైథిలి అతని కాగితం మీద వేలు పెట్టింది. "పదకొండు మందా అండీ? ఒకసారి లారీ..."

"నువ్వు పుట్టకముందుకెల్లి బండ్లు నింపుతున్న. నాకు చెప్తవా?"

ఆవిడ వేలు తీసేసింది.

గెలవాలంటే ఒక్కొక్కరికీ వచ్చే ఆరు వంతుల్లోగా బల్ల అవతలి వంతెన చేరాలి. తన నాలుగో వంతు వచ్చేసరికి దారంతా ఖాళీ, లారీ సిద్ధం. విశ్వేశ్వర్ సిపాయిల్ని ఒక్కొక్కణ్ణే లారీలో పెట్టాడు. పది గుంటలూ నిండాయి. చేతిలో ఒకడు మిగిలాడు.

"దళమంతా ఎక్కాలండీ. లేకపోతే ఎవరూ ఎక్కకూడదు" అంది మైథిలి.

"నిలబడి వస్తడు."

"నిలబడే చోటు లేదండీ."

డానియేలు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. "పుస్తకంల గట్లనే ఉందన్నా" అని మెల్లగా చెప్పాడు. గురివింద గింజ బతుకంతా ఎదుటివాళ్ల నలుపు ఎంచింది, ఇప్పుడు అందరూ దాన్ని చూస్తున్నారు. విశ్వేశ్వర్ పదిమందినీ కిందికి దింపాడు. పదకొండు మందీ నడిచారు. ఆట ముగిసేసరికి వంతెన ఇంకా జానెడు దూరముంది. అక్కడ మైథిలి అయిదుగురు, అతను ఎగతాళి చేసిన ఆ అయిదుగురే, నిలబడి ఉన్నారు.

"కిటికీ పక్క సీటు తీస్కో అమ్మా" అని మాత్రం అన్నాడు.

ఇంటికి పోయే బహదూర్‌పురా బస్సులో అదృష్టవశాత్తూ సీటు దొరికింది, ఇద్దరు కూర్చునేది; పక్కన అప్పటికే ఒకాయన ఉన్నాడు. జేబులో పదకొండోవాడు గుచ్చుకుంటున్నాడు. రెండు స్టాపులు దాటేసరికి బస్సు కిక్కిరిసింది. ఒకప్పుడు ఈయన దగ్గరే పని నేర్చుకున్న కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"విశ్వేశ్వరన్నా, జర జరుగే. ఇంకొకలు పడ్తరు."

విశ్వేశ్వర్ కదల్లేదు.

"పట్టరు" అన్నాడు.