విరిగిన కుర్చీల మావయ్య

మా మావయ్యకు విరిగిన వస్తువంటే ప్రాణం. కొత్తది చూపిస్తే మొహం తిప్పుకుంటాడు. కాలూడిన స్టూలు కనబడితే మాత్రం, తప్పిపోయిన చుట్టం దొరికినంత సంబరం. దాన్ని మోసుకెళ్లి ఆఫీసు గేటు పక్కనున్న వడ్రంగి చేత బాగుచేయిస్తాడు. బాగయ్యాక ఎవరికో ఇచ్చేసి మళ్లీ వేట మొదలుపెడతాడు.

"ఇంట్లో కూర్చోడానికి ఒక్క కుర్చీ మిగలనివ్వరు. ఒక మంచిది కొని ఉంచుకోకూడదూ?" అని అత్తయ్య రోజూ మొత్తుకుంటుంది.

"మంచిదాన్ని చూసుకునేవాళ్లు బోలెడుమందే. దీనికెవరున్నారు?"

ఈ పిచ్చి ఇంటితో ఆగితే బాగుండేది. మావయ్య పనిచేసేది మన ప్రభుత్వం పరాయి దేశాలకు చేసే సాయాన్ని చూసే ఆఫీసులో. ఆయన కింద నేను. ఆ ఏడాది సాయం మొత్తాన్ని, యుద్ధంలో చితికిపోయిన ఒక దేశంలో కాన్పుల ఆసుపత్రులకు రాయించాడు. మంత్రిగారికి అది నచ్చలేదు. ఆ డబ్బును, ఏ యుద్ధమూ లేక చల్లగా ఉన్న ఇంకో దేశానికి మళ్లించాలని ఫైలు పంపి, మావయ్యను పిలిచారు. నేనూ వెంట వెళ్లాను.

"అక్కడ రోడ్డు వేస్తే పది కాలాలు నిలుస్తుందయ్యా. నేను వెళ్లి రిబ్బను కత్తిరించొచ్చు. మీరు రాయించిన దేశంలో ఏముంది? బాంబులు! ఇచ్చిందంతా బూడిదలో పోసిన పన్నీరే."

"కొంత పోతుందండి. ఇవ్వకపోతే తల్లీబిడ్డా పోతారు. నడిచేవాడికి చేతికర్ర ఇచ్చి, పడ్డవాణ్ని దాటుకుపోదామా?"

"సంతకం పెడతారా, పాత సామాన్ల గదికి బదిలీ చేయమంటారా?"

మావయ్య కళ్లు మెరిశాయి. "అక్కడ విరిగినవి చాలా ఉంటాయి కదండీ! ఎప్పుడు చేరమంటారు?"

మర్నాడే చేరిపోయాడు. ఆయన కుర్చీలో నన్ను కూర్చోబెట్టారు. నెల తిరిగేసరికి ఆ ఫైలు నా ముందుకొచ్చింది. గడువులోగా సంతకం పడకపోతే డబ్బు ఆసుపత్రులకే వెళ్తుంది. సలహా అడుగుదామని పాత సామాన్ల గదికి పరిగెత్తాను.

మావయ్య చొక్కా చేతులు మడిచి, నిక్షేపంలాంటి కుర్చీ కాలును సుత్తితో బాదుతున్నాడు. అది ఆయన సొంత డబ్బుతో అప్పుడే కొన్నదట.

"ఇదేం పని మావయ్యా!"

"అరవకురా. విరిగినవన్నీ అయిపోయాయి. గేటు దగ్గర వడ్రంగి లేడూ? మనం ఆసుపత్రులకు రాసిన ఆ దేశం నుంచే పెళ్లాంబిడ్డలతో పారిపోయి వచ్చాడు. ఊరికే ఇస్తే చచ్చినా పుచ్చుకోడు, పనుంటే ఇమ్మంటాడు. రేపటికి అతనికి పనుండొద్దూ?"

ఇన్నాళ్లూ ఆయన్ను చూసి నవ్వినందుకు నా మీద నాకే కోపం వచ్చింది. సలహా అడగలేదు. ఫైలు చంకలో పెట్టుకుని తిన్నగా మంత్రిగారి గదికి వెళ్లాను.

"నేనూ పెట్టనండి."

"మీ ఇంట్లో అందరికీ ఇదే జబ్బా?"

"మేనమామ పోలికండీ. అదృష్టమంటారు."

గడువు దాటింది. డబ్బు ఆసుపత్రులకు వెళ్లింది, నేను పాత సామాన్ల గదికి వెళ్లాను. మావయ్య నన్ను ఎగాదిగా చూసి, సుత్తి నా చేతికిచ్చాడు.

"వచ్చావా? ఆ బల్ల కాస్త గట్టిది. నా ఒక్కడి వల్ల కావడం లేదు."